లాకుల కాడ సొంటికాఫీ

కామమ్మ సారా మానేసింది ఎవరో బుద్ధి చెప్పినందువల్ల కాదు, ఏ దేవుడికో మొక్కుకునీ కాదు. ఊటబానలోంచి పైకి తీసిన పందికొక్కును కళ్లారా చూసి మానేసింది.

చైనాతో యుద్ధం వచ్చిన ఏడాది అది. యుద్ధం ఇంకా రాలేదు, ఎండలు మాత్రం వచ్చేశాయి. అప్పటికి కామమ్మకు యాభై దాటాయి. మొగుడు పోయి పదేళ్లు. పెద్దకొడుకు మస్తానయ్య అంతకుముందే, పదిహేడేళ్ల వయసులో, సముద్రం మీదికి పోయి తిరిగి రాలేదు. చిన్నకొడుకు వల వేస్తాడు, కోడలు వెంకటశేషమ్మ ఇల్లు చూసుకుంటుంది, కామమ్మ గంప మోస్తుంది. తెల్లవారగానే పాలెం నుంచి ముగ్గురు ఆడవాళ్లు కలిసి బయలుదేరేవాళ్లు. అందరికంటే ముందు చెంచమ్మ, ఆమె వెనక కామమ్మ, వయసులో చిన్నదైన ఆదిశేషమ్మ చివర. బకింగ్‌హాం కాలువను పడవ మీద దాటి, అవతలి వరిపొలాల ఊళ్లలో ఇంటింటికీ తిరిగేవాళ్లు. కానాగంత చేపలో కవళ్లో, ఆ రోజు వలకు ఏవి పడితే అవి ఇచ్చి వడ్లు పోయించుకునేవాళ్లు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి తిరుగుముఖం పట్టేవాళ్లు.

తిరుగుదారిలో ఒక తాటితోపు ఉంది. ఆ తోపులో, నాగజెముడు కంచె వెనక, హజరత్తయ్య సారా కాచేవాడు. సర్కారు సారాను నిషేధించి ఎన్నో ఏళ్లయింది, అయినా అతని పొయ్యి ఆరిన రోజు లేదు. ముగ్గురూ గంపలు దించుకుని, కొబ్బరిచిప్పల్లో తలా రెండు మూడు తాగి, పొద్దు కాస్త వాలేదాకా కబుర్లు చెప్పుకుని లేచేవాళ్లు. రోజు మొత్తంలో కామమ్మ కాళ్లు చాపుకుని కూర్చునేది ఆ కాసేపే.

ఆ రోజు హజరత్తయ్య కంచె దగ్గర లేడు.

"నేను పోయి పిలుచుకొస్తా ఉండండి మే" అని కామమ్మ కంచె సందులోంచి దూరి వెనక్కి పోయింది. అన్నేళ్లు తాగింది కాని వెనక ఏముందో ఆమె ఒక్కనాడూ చూడలేదు.

నేలలో మెడదాకా పాతిన పెద్ద బాన. బెల్లం, తుమ్మచెక్క నానేసిన ఊట అందులో నురుగులు కక్కుతోంది. దాని మీద ముసిరిన ఈగల చప్పుడు దూరానికే వినిపిస్తోంది. హజరత్తయ్య బాన పక్కన గొంతుకూర్చుని, మోచేతిదాకా లోపలికి పెట్టి దేనికోసమో దేవులాడుతున్నాడు. చివరికి దొరకబుచ్చుకుని పైకి లాగాడు. పందికొక్కు. తిత్తిలా ఉబ్బిపోయి ఉంది. ఒంటిమీద వెంట్రుక ఊడిపోయి, పాలిపోయిన తోలు అతని వేళ్ల కింద జారిపోతోంది. తోకపట్టుకుని వేలాడదీస్తే దాని నోట్లోంచి నల్లటి నీళ్లు తీగలా సాగి మళ్లీ బానలోకే కారాయి. అతను దాన్ని నాగజెముళ్లలోకి విసిరేసి, చెయ్యి పంచెకు తుడుచుకుని, అదే చేత్తో ఊటను రెండు తిప్పులు తిప్పాడు.

"అది పడి ఎన్నాళ్లయిందన్నా?" అంది కామమ్మ.

హజరత్తయ్య ఉలిక్కిపడి, ఆమెను చూసి నవ్వాడు. "నాలుగు దినాలో, అయిదు దినాలో. వాసన తేడాగా ఉండాదే అనుకుంటా ఉన్నా. కాస్తే అన్నీ పోతాయిలే కామక్కా. నిప్పు మీద కాగినాక ఇంక మురికేంది?"

"నిన్న మాకు పోసింది?"

"ఈ బానదే. పైది తేర్చి కాసినా. బాగుండాదని నువ్వే గదా ఇంకో చిప్ప పోయించుకున్నావు!"

కామమ్మ అక్కడే కూలబడి కడుపులోది కక్కేసింది. పొద్దున తాగిన గంజి పోయింది, తర్వాత పసరు పోయింది, ఆ తర్వాత ఏమీ రాకున్నా పేగులు మెలితిరుగుతూనే ఉన్నాయి. మూతి తుడుచుకుంటూ ఇవతలికి వచ్చి, చూసింది చూసినట్టు చెప్పింది. ఆదిశేషమ్మ ముఖం చిట్లించుకుంది. చెంచమ్మ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది.

"మన గంపల్లో పురుగుల్లేవా మే? సచ్చిన చేపను మోసే నెత్తికి సచ్చిన కొక్కు ఎక్కువయిందా?" అని, వెనకే వచ్చిన హజరత్తయ్య చేతిలోని చిప్ప అందుకుని, కామమ్మ కళ్లలోకి చూస్తూ గటగటా తాగేసింది. చిప్ప అడుగున మిగిలిన చుక్కను వేలితో తుడిచి నాకింది. పందికొక్కును చూసినప్పటికంటే ఆ వేలిని చూసినప్పుడు కామమ్మకు ఎక్కువ డోకు వచ్చింది. ఆదిశేషమ్మ కొంచెంసేపు అటూ ఇటూ చూసి, తనూ చిప్ప అందుకుంది.

మర్నాడు కూడా కామమ్మ తోపుకు పోయింది. తాగడానికి కాదు, పోకపోతే ఇంకెక్కడికి పోవాలో తెలియక. మిగతా ఇద్దరూ తాగుతుంటే ఉత్తచేతులతో కూర్చుంది. సారా కడుపులో లేకుండా ఆ నీడన కూర్చోవడం ఆమెకు అదే మొదలు. చెంచమ్మ రెండో చిప్పకు నవ్వడం, మూడో చిప్పకు ఏడవడం రోజూ జరిగేదే. కాని ఆ నవ్వులో నోటి చివర నుంచి చొంగ కారుతుందని, ఆ ఏడుపులో ముక్కు కారి పెదవిదాకా వస్తే చెంచమ్మ నాలుకతోనే తుడుచుకుంటుందని ఆమె ఎన్నడూ గమనించలేదు. చెప్పిందే చెప్పింది. ఆదిశేషమ్మ విన్నదానికే మళ్లీ 'అయ్యో' అంది. పైట జారిపోయి మట్టిలో పడితే, దాని మీద చీమలు ఎక్కుతుంటే, దులుపుకోవాలన్న తెలివి ఇద్దరికీ లేదు. నేనూ ఇట్టాగే ఉన్నాను గదా ఇన్నేళ్లూ, అనుకుంది కామమ్మ. తన పెదవిని తనే మోచేత్తో తుడుచుకుంది.

మాట కలపాలని, "మా మస్తానయ్య పోయింది ఈ నెల్లోనే చెంచీ" అంది.

"మస్తానయ్య ఎవురు మే?" అంది చెంచమ్మ. "మీ బావ గదా?"

ఆ పిల్లవాణ్ణి తలుచుకుని ఇదే నీడలో, ఇదే చెంచమ్మ భుజం మీద తల పెట్టి ఎన్ని మధ్యాహ్నాలు ఏడ్చిందో లెక్కే లేదు. చెంచమ్మ కూడా కలిసి ఏడ్చింది. అదంతా ఎటు పోయింది? తిట్టబోయి ఆగింది. ఇన్నేళ్లూ చెంచమ్మ దేనికి ఏడుస్తోందో తనకు తెలుసా అని వెతుక్కుంది. ఎవరో కూతురు. నాయుడుపేట వైపు ఇచ్చారు. ఆ పిల్ల ఉందా, పోయిందా? పేరేమిటి? ఎంత తడుముకున్నా దొరకలేదు. ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారే గాని ఒక్కరూ ఒక్క మాటా వినలేదు. కామమ్మ గంప ఎత్తుకుని, వాళ్లకు చెప్పకుండానే లేచి వచ్చేసింది.

అప్పటినుంచి ఆమెకు నడిమధ్యాహ్నం పెద్ద శిక్ష అయింది. ఇంటికి పోతే ఇరుకు గుడిసె, పొగ, కోడలి మూతివిరుపులు. నాలుక ఊరుకోదు. గొంతు కాలేటట్టు ఏదో ఒకటి దిగాలని పీకుతుంది. మంచినీళ్లు తాగితే ఆ పీకుడు ఇంకా ఎక్కువవుతుంది.

కోవూరు బస్సు ఆగే ఊళ్లో జయరామయ్య కాఫీ హోటలు ఉంది. బల్లల మీద కూర్చుని రైతులు పొద్దుగూకులూ కబుర్లాడుకుంటుంటారు. కాఫీ తాగితే మత్తు దిగి హుషారు వస్తుందని ఎవరో అన్న మాట గుర్తొచ్చి, కామమ్మ ఒకరోజు ఆదిశేషమ్మను బతిమాలి వెంట తీసుకుపోయింది. గడపలో కాలు పెట్టిందో లేదో జయరామయ్య కేకేశాడు.

"ఆడే ఆగు, ఆడే! వెనక తట్టుకు రా."

లోపల బల్ల మీద కూర్చున్న ఒక పెద్దరైతు ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏందయ్యా జయరామయ్యా ఈ కంపు, కాఫీ గొంతు దిగేటట్టు లేదే" అన్నాడు.

వెనక తట్టు అంటే ఎంగిలి గ్లాసులు కడిగే తూము. కుళ్లిన విస్తరాకులు, పాలమీగడ తేలే మురుగు, దానిలో ముక్కులు పెట్టిన రెండు పందులు. వంటింటి కిటికీలోంచి చేపల వేపుడు వాసన గుప్పుమని వస్తోంది. జయరామయ్య పెళ్లాం ప్రమీలమ్మ పొద్దున్నే పెరటి తలుపు దగ్గర నిలబడి, చేపల చెవులు ఎత్తి చూసి, మెత్తటివి పక్కన పడేసి, కామమ్మ గంపలోంచి ఏరుకున్న కానాగంతలవి. గోడ గూట్లో బోర్లించిన రెండు సొట్టగ్లాసులు తీసుకోమన్నారు. జయరామయ్య అంత ఎత్తునుంచి కాఫీ పోశాడు, చుక్కలు కామమ్మ చేతుల మీద చిందాయి. వెచ్చటి చేదునీళ్లు. పైన ముడతలు పడ్డ మీగడ, మీగడకు అంటుకుని ఒక ఈగ.

"నా చేపకు లేని కంపు నాకు ఎట్టా వచ్చిందయ్యా?" అంది కామమ్మ.

జయరామయ్య విననట్టే లోపలికి పోయాడు. కామమ్మ ఆ కాఫీని తూములో పారబోసింది. పందులు కూడా మూతి తిప్పుకున్నాయి. ఆదిశేషమ్మ నవ్వి, "ఆ తోపే నయం పెద్దమ్మా, ఆడ కూర్చోనన్నా కూర్చోనిస్తారు" అని తన దారిన తాను పోయింది.

గోలీసోడా కూడా తాగి చూసింది. బస్సుల దగ్గర బండి పెట్టుకున్నవాడు ఖాళీ సీసాలన్నిటినీ ఒకే తొట్టెలో ముంచి తీస్తున్నాడు. తొట్టెలో నీళ్లు ఎర్రగా, జిడ్డుగా ఉన్నాయి. సీసా మూతిని చంకలోని గుడ్డతో తుడిచి ఇచ్చాడు. గ్యాసు ముక్కులోకి తన్నింది, అంతవరకు బాగుంది. తర్వాత ఆ రంగుతీపి పెదవులకు బంకలా అంటుకుని, కాలువదాకా ఈగలను వెంటపెట్టుకుని నడవాల్సి వచ్చింది.

ఎండలు బాగా ముదిరాక కాలువ లాకుల దగ్గర నీరా అంగడి పెట్టారు. తాటిచెట్టు నుంచి దించిన నీరాను సున్నం పూసిన కుండల్లో పట్టి, పులవకముందే అమ్ముతారని, అది ఆరోగ్యమని, మత్తు ఉండదని, బోర్డు చదివిన పడవ సరంగు చెప్పాడు. కామమ్మకు ప్రాణం లేచివచ్చింది. చెట్టుది, చల్లనిది, కూర్చోడానికి పందిరి, అడ్డు చెప్పేవాడు లేడు. కాని తెల్లారి దించిన నీరా ఆమె వచ్చే వేళకు మిగులుతుందా? పందిరి కింద ఉన్నవాళ్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒకడు గుంజకు వీపు ఆనించుకుని తన ఒళ్లోనే కక్కుకుని, ఆ కక్కులో చెయ్యి పెట్టుకుని నిద్రపోతున్నాడు. అంగడివాడు కుండలో తేలుతున్న తేనెటీగలను గరిటెతో పక్కకు నెట్టి, ఒక ముంత ముంచి ఇచ్చాడు.

ముంత పెదవి దాకా వచ్చింది. పులిసిన వాసన ముక్కుకు తగిలింది. అడుగున సున్నపు మడ్డి, పైన చచ్చిన ఈగల రెక్కలు. అయినా నోట్లో నీళ్లు ఊరాయి. ఆ ఊరడం చూసుకుని కామమ్మకు తన నోటి మీదే రోత పుట్టింది. 'ఛీ, ఏం నోరే ఇది! కుక్క కూడా వాసన చూసి వదిలేస్తుందే' అనుకుంది.

"ఇది నీరానా, కల్లా?"

"నీకేది కావాలంటే అది" అని అంగడివాడు కన్ను కొట్టాడు.

ముంత అతని కాళ్ల దగ్గరే ఒంపేసి, గంప తీసుకుని గట్టు దిగింది. ఇంకో క్షణం ఆగి ఉంటే తాగేసేదే.

లాకు తలుపులు తెరుచుకునేదాకా మద్రాసు పడవలు అక్కడ వరసగా ఆగి ఉంటాయి. వాటి ఎదురుగా ఒక తాటాకు చూరు కింద మగ్దలీనమ్మ కూర్చుని ఉంది. హరిజనవాడ మనిషి, మిషను ఆస్పత్రిలో ఊడ్చి తుడిచే పని చేసి మానేసింది. ఆమె పొయ్యి మీది కుండలోంచి సొంటి, మిరియాలు కాగే ఘాటు వస్తోంది. అరవ పడవవాళ్ల దగ్గర నేర్చుకుందట. కాఫీగింజ ఒక్కటీ ఉండదు, పేరు మాత్రం సొంటికాఫీ. సొంటి, మిరియాలు, ధనియాలు దంచి, తాటిబెల్లం వేసి, సగానికి దిగేదాకా కాస్తుంది. ఆ ఘాటు కామమ్మ గొంతులోకి తాడు వేసి లాగినట్టు లాగింది.

"నాకూ పొయ్యి మే" అంది.

మగ్దలీనమ్మ తళతళలాడే ఇత్తడి లోటాలో పోసి ముందుకు చాచింది. కామమ్మ చెయ్యి సగం దూరం వెళ్లి ఆగిపోయింది. దానంతట అదే వెనక్కి వచ్చింది.

"గంపలో నా చిప్ప ఉండాది" అంటూ నేలచూపులు చూసింది. "దాంట్లో ఎత్తి పొయ్యి."

చేపల మీద నీళ్లు చిలకరించే కొబ్బరిచిప్ప అది. మగ్దలీనమ్మ దాన్ని చూసింది. లోపల పొలుసులు అట్టకట్టి ఉన్నాయి. అంచున ఎండిన రక్తం, దాని మీద ఒక తెల్లటి పురుగు కదులుతోంది.

"దాంట్లోనా?" అంది. ముక్కు మూసుకోలేదు గాని ముఖం పక్కకు తిప్పుకుంది. "ఈ లోటా ఇసకతో తోమి ఉడుకునీళ్లతో కడిగినా తల్లీ. ఆస్పత్రిలో నేర్చుకున్న పని. నీ చిప్పలో పోస్తే నా కాఫీ పాడయిపోతాది."

"అది గాదు మే..."

"ఏదో నాకు తెలుసులే." మగ్దలీనమ్మ ఆ లోటాను తానే ఎత్తుకుని నెమ్మదిగా తాగింది. కుండ మీద మూత పెట్టేసింది.

ఆ రాత్రి కామమ్మకు అన్నం సయించలేదు. హజరత్తయ్య చిప్ప ఎందరి నోళ్లు తిరిగి వచ్చేదో, ఎవరి చొంగ ఎవరు తాగారో, అప్పుడు ఈ చెయ్యి వెనక్కి రాలేదు. కొక్కు కుళ్లిన ఊటను అయిదు దినాలు తాగి, ఇంకొంచెం పొయ్యమని చాచిన చెయ్యి ఇదే. తోమిన లోటా ముందు ముడుచుకుపోయింది. ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్న పెద్దరైతు కళ్లముందు మెదిలాడు. కామమ్మ లేచి బయటికి పోయి ఉప్పునీళ్లతో చేతులు రుద్దిరుద్ది కడుక్కుంది. ఏం కడుక్కుంటోందో ఆమెకే తెలియలేదు.

మూడు రోజులు వేరే దారిన తిరిగింది. నాలుగో రోజు వచ్చి చూరు కింద చతికిలబడింది.

"నీ లోటాతోనే పొయ్యి" అంది.

మగ్దలీనమ్మ వెంటనే పోయలేదు. "తాగినాక మీ పాలెంలో అనేవాళ్లు అంటారు. మళ్లా వచ్చి నా మీద పడబాక."

"పడను. పొయ్యి."

మొదటి గుక్కకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గొంతు కాలుతూ, రొమ్ములో మంట రేపుతూ కడుపుదాకా దిగింది. చెవుల్లోంచి ఆవిరి పోయినట్టయింది. నాలుక మీద ఘాటు చాలాసేపు నిలిచింది, దాని వెనక నెమ్మదిగా తాటిబెల్లం తీపి వచ్చింది. నెలన్నరగా పీకుతున్న నాలుక మొదటిసారి ఊరుకుంది. సగంలో ఒకసారి లోటాను పెదవి నుంచి దించేసింది కూడా. పుట్టినప్పటినుంచి ఒంటబట్టిన అసహ్యం ఒక్క గుక్కతో పోదు గదా. కళ్లు మూసుకుని మిగతాది కూడా తాగేసింది.

"ఇంకోటి" అంది.

మాట పాలెం చేరడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు కామమ్మ ఇంటికి వచ్చేసరికి వాకిలి మూల ఒక కొత్త కుండ, దాని మీద ఒక ముంత పెట్టి ఉన్నాయి.

"ఇంక నీ నీళ్లు అందులోవే అత్తా" అంది వెంకటశేషమ్మ, పైట ముక్కుకు అడ్డం పెట్టుకుని. "ఊరంతా ఉమ్మేస్తా ఉండారు."

"నేను తాగొచ్చి ఈ వాకిట్లో కక్కుకున్నప్పుడు నీళ్లు ఏ కుండలోంచి పోసినావు మే?"

"అది వేరే."

"సరే. పెట్టు" అంది కామమ్మ. వాదించాలనిపించలేదు. ఆ ముక్కుకు అడ్డం పెట్టిన పైటను చూస్తే కోపం రాలేదు, ఉత్త వెగటు పుట్టింది.

ఆదిశేషమ్మ వానలు పట్టాక వచ్చింది. హజరత్తయ్య తోపులో ఎక్సైజు జవాన్లు పడి బానలు పగలగొట్టిన రోజుల్లో ఒకనాడు తడిసి ముద్దయి వచ్చి, ఎవరూ పిలవకుండానే చూరు కింద దూరి, లోటా అందుకుని, "అబ్బో, ఇది నోరా, పొయ్యా!" అంటూ తాగింది. ఆ తర్వాత తరచు వస్తూనే ఉంది. తోపులో బానలు మళ్లీ పాతారు. ఆ సంగతి తెలిసినా ఎక్కువ రోజులు ఇటే వచ్చేది. మగ్దలీనమ్మ ఆస్పత్రి కబుర్లు చెప్పేది, ఆదిశేషమ్మ తన మొగుడి మీద చాడీలు చెప్పేది, కామమ్మ వినేది. విన్నది మర్నాడు గుర్తుండేది. అదొక వింతగా ఉండేది ఆమెకు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం చెంచమ్మ వచ్చి గట్టు మీద నిలబడింది. ముఖం ఉబ్బి ఉంది, కాళ్లు నీరు పట్టి ఉన్నాయి. మూతి చుట్టూ పుండ్లు లేచాయి. గాలి ఇటు తిరిగితే పచ్చిసారా వాసన చూరు కిందికి కొట్టింది. కామమ్మ ఊపిరి బిగబట్టింది. అయినా పక్కకు జరిగి చోటు చేసింది.

"రా మే, కూర్చో."

చెంచమ్మ కూర్చోలేదు. పైటకొంగులోంచి తన అల్యూమినియం గ్లాసు తీసి చాచింది. "దీంట్లో పొయ్యమను. పైనుంచి. తగలకుండా."

మగ్దలీనమ్మ కామమ్మ వైపు చూసింది.

"నా లోటాలో అయితే పోస్తా" అంది మగ్దలీనమ్మ. "గ్లాసుల్లో పొయ్యను."

చెంచమ్మ లోటా వంక చూసింది, పెదవులు తడుపుకుంది. కిందికి దిగడానికి ఒక కాలు కూడా ముందుకు వేసింది. తర్వాత ఖాండ్రించి గట్టు మీద ఉమ్మి, గంప నెత్తికి ఎత్తుకుని తోపు వైపు నడిచింది. వాచిన కాళ్లు బురదలో తపతపమని పడుతున్నాయి.

"పోనీ, గ్లాసులోనే పోసుంటే ఏం పోయింది?" అంది ఆదిశేషమ్మ మెల్లగా.

"పోసుంటే నాకు పోయేది" అంది మగ్దలీనమ్మ.

కామమ్మ ఆ ఉమ్మును చూస్తూ కూర్చుంది. చెంచమ్మ మీద అసహ్యం వేసింది. జాలీ వేసింది. లేచి పోయి చెయ్యి పట్టుకుని లాక్కురావాలని ఒక్క క్షణం అనిపించింది గాని, ఆ చెయ్యి తగులుతుందంటే ఒళ్లు జలదరించింది. లేవలేకపోయింది. కాసేపటికి కాలితో ఇంత మట్టి తోసి ఉమ్మును కప్పింది. లాకు తలుపులు కిర్రుమంటూ తెరుచుకుంటున్నాయి, పడవలవాళ్లు గడలు అందుకుంటూ సొంటికాఫీకి కేకలు పెడుతున్నారు. మగ్దలీనమ్మ లోటాలు కడగడానికి ఉడుకునీళ్లు దించింది. కామమ్మ కొంగు బిగించి, ఇసక పిడికెడు తీసుకుని, ఆమె పక్కన కూర్చుని తోమసాగింది.